పిల్లల పాత సైకిలు, స్కేటింగ్ చక్రాలు, ఒక స్టీలు వైరు: ఇంట్లోనే కేబుల్ క్యామ్ కట్టుకోవడం

ఐపీఎల్ మ్యాచ్‌లో ఆటగాళ్ళ నెత్తి మీదుగా గ్రౌండంతా తిరిగే కెమెరా చూసే ఉంటారు కదా, స్పైడర్‌క్యామ్ అంటారు దాన్ని, స్టేడియం నాలుగు వైపుల నుంచి నాలుగు తాళ్ళు, ఒక్కో తాడుకి ఒక మోటారు, ఆ నాలుగూ లాగుతూ వదుల్తూ ఉంటే కెమెరా ఎటు కావాలంటే అటు పోతుంది. ఐడియా ఇప్పటిది కాదు, నడుస్తూ తీసినా బొమ్మ అదరకుండా పట్టే స్టెడీక్యామ్ కనిపెట్టిన గారెట్ బ్రౌనే స్కైక్యామ్ అని తయారుచేసి 1984లో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మీద తిప్పాడు. మనం చేసేది అందులో పావలా వంతు కూడా కాదు. ఒకే ఒక్క వైరు, దాని మీద ఒక ట్రాలీ, ట్రాలీ కింద ఫోనో యాక్షన్ కెమెరానో, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. అంతే. కానీ సరిగ్గా కడితే ఆ ఒక్క లైన్ మీద వచ్చే షాట్ చూసి ఇది పాత సామాన్ల కొట్టు సరుకుతో తీశారంటే ఎవరూ నమ్మరు.

డ్రోన్ ఉండగా ఇదెందుకు అంటారు. బండలాగుడు పోటీలు ఎప్పుడైనా డ్రోన్‌తో తీయడానికి ట్రై చేయండి, ఎద్దుల దగ్గరకి దిగితే ఆ మోతకి అవి బెదురుతాయి, పైనుంచి తీస్తే చీమల్లా ఉంటాయి. కబడ్డీ కోర్టు, గుడి మండపం, కొబ్బరి తోటలో చెట్ల వరసల మధ్య, ఇంట్లో పెళ్ళి పందిరి కింద, ఇలాంటి చోట్ల డ్రోన్ తేలేకపోయే షాట్ ఇది తెస్తుంది. చప్పుడు ఉండదు, బ్యాటరీ అయిపోయి కింద పడదు, ఒకే దారిలో ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు అదే షాట్.

ముందు లెక్క, తర్వాతే షాపింగ్

చాలామంది మోటారు దగ్గర మొదలెడతారు, ఏ మోటారు, ఏ రిమోట్, ఎన్ని వోల్టులు అని. నా మాట వినండి, మోటారు ఆఖర్న చూసుకునే విషయం, అసలు లేకపోయినా పనైపోతుంది. ముందు తేల్చుకోవాల్సింది వైరు ఎంత బిగించాలి, ఎంత వేలాడనివ్వాలి అని, ఎందుకంటే పిట్టగోడలు కూలినా, కొక్కేలు ఊడినా దీని దగ్గరే.

మధ్యలో బరువు ఉన్నప్పుడు వైరులో ఎంత లాగుడు ఉంటుందో ఈజీగా లెక్కేయొచ్చు: బరువుని దూరంతో గుణించి, మధ్యలో వైరు ఎంత కిందికి వంగిందో దానికి నాలుగు రెట్లతో భాగించండి. రెండు చివర్ల మధ్య 30 మీటర్లు, ట్రాలీ కెమెరా కలిపి 2 కిలోలు అనుకుందాం. మధ్యలో 60 సెంటీమీటర్లు వంగితే వైరులో దాదాపు 25 కిలోల లాగుడు. అబ్బే, వంపు బాలేదు, ఇంకా బిగిద్దాం అని 30 సెంటీమీటర్లకి తెస్తే 50 కిలోలు. 15కి తెస్తే 100 కిలోలు. బరువు మారలేదు, దూరం మారలేదు, కెమెరా ఒక మూర పైకి లేచింది అంతే, మీ గోడ మీద పడే లాగుడు మాత్రం నాలుగు రెట్లైంది. వైరు గీత గీసినట్టు తిన్నగా ఉండాలనుకోవడం దురాశ, అది ఎవరి వల్లా కాదు. దూరంలో నూటికి ఒక వంతు నుంచి రెండు వంతుల దాకా వంపు ఉంటే చాలు, ఆ వంపు వీడియోలో తెలీదు, కావాలంటే వైరునే ఇంకో రెండడుగులు ఎత్తులో కట్టుకోండి.

ఈ కొలతకి వేరే పరికరం ఏదీ అక్కర్లేదు. వైరు కట్టాక నడిమధ్య రెండు లీటర్ల నీళ్ళ సీసా వేలాడదీయండి, అంటే 2 కిలోలు. రెండు చివర్లని కలుపుతూ సన్నటి దారం టైట్‌గా పట్టుకుని, ఆ దారానికీ వైరుకీ మధ్య గ్యాప్ టేపుతో కొలవండి. పై లెక్కలో వేసేయండి. వైరు సొంత బరువు కూడా కొంత వంచుతుంది కాబట్టి అసలు లాగుడు లెక్కలో వచ్చినదానికంటే కాస్త ఎక్కువే ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

సామాన్లు: ఏది పాతది, ఏది కొత్తది

విజయవాడ వాళ్ళకి ఆటోనగర్ ఉంది, హైదరాబాద్ వాళ్ళకి ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మెరాత్ బజార్, బేరింగులూ నట్లూ బోల్టులకి రాణిగంజ్, మిగతా ఊళ్ళలో పాత ఇనప సామాన్ల కొట్టు లేని చోటు ఎక్కడుంది. కావాల్సినవి ఇవి: పిల్లల 20 ఇంచుల పాత సైకిలు (వెనక చక్రం, చైను, పెడల్, వెనక బ్రేకు పనిచేస్తే చాలు, ముందు భాగం ఎట్లా ఉన్నా ఫర్వాలేదు), విరిగిపోయిన ఇన్‌లైన్ స్కేట్ల జత ఒకటి, పాత కిటికీ నుంచి తీసిన అల్యూమినియం పట్టీ లేదా 3 ఎంఎం మందం అల్యూమినియం రేకు ముక్క, చిన్న గిలకలు మూడు, పాడైన కంప్యూటర్ సీడీ డ్రైవ్ ఒకటి, పంక్చరై పడేసిన సైకిల్ ట్యూబు, పాత ట్రైపాడ్ తల దొరికితే అది.

వైరు మాత్రం కొత్తది కొనండి. క్లాంపులు, టర్న్‌బకిల్ (మర తిప్పి వైరు బిగించేది), రాచెట్ బెల్టు (పిడి ఆడిస్తూ బిగించే లోడు బెల్టు) కూడా కొత్తవే. పాత వైరులో లోపలి పోగులు ఎన్ని తెగాయో పైకి కనపడదు, బేరంలో వంద రూపాయలు మిగిలాయని దాన్ని జనం దగ్గర కడితే ఎట్లా. 3 ఎంఎం స్టీలు వైరు రోప్, సన్నటి పోగులతో అల్లిన మెత్తటి రకం అడగండి, అది తెగడానికి 500 కిలోల దగ్గర పడుతుంది, మనం 50 దాటనివ్వం, అంటే పది రెట్ల భద్రత. నైలాన్ తాడు వద్దు, ఎంత బిగించినా సాగుతూనే ఉంటుంది, పొద్దున కట్టింది మధ్యాహ్నానికి జారిపోతుంది. డైనీమా అనే గట్టి ప్లాస్టిక్ పోగుల తాడు దొరికితే అది ఇంకా మంచిది, సాగదు, తేలిక, కరెంటు భయం కూడా తక్కువ, కాకపోతే రేటు ఎక్కువ, రాళ్ళ మీద రాసుకుంటే తెగుతుంది.

ట్రాలీ

ఇన్‌లైన్ స్కేట్ చక్రాల్లో ఉండేవి 608 బేరింగులు, లోపలి రంధ్రం 8 ఎంఎం, అంటే 8 ఎంఎం బోల్టు టక్కున కూర్చుంటుంది, ఈ పనికోసమే చేసినట్టు ఉంటాయి. ముందు బేరింగుల్ని బయటికి తీసి కిరసనాయిలులో నానబెట్టి బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి, తర్వాత ఒక్కో చుక్క కుట్టుమిషన్ ఆయిల్. గ్రీజు పెట్టకండి, మన బరువుకి గ్రీజు అడ్డమే. వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటే గరగరమంటే అది పక్కన పడేయండి, ఆ గరగర నేరుగా వీడియోలోకి వస్తుంది.

స్కేట్ చక్రం అంచు గుండ్రంగా ఉంటుంది, వైరు మీద నిలబడదు, గాడి తీయాలి. బేరింగులు తీసేసిన చక్రాన్ని రెండు పక్కలా పెద్ద వాషర్లతో 8 ఎంఎం బోల్టుకి ఎక్కించి నట్టు గట్టిగా బిగించి ఆ బోల్టు తలకాయ కోసేసి డ్రిల్ మిషన్‌లో పెట్టండి, ఎవరైనా ఇంకొకరు డ్రిల్ పట్టుకుని మెల్లగా తిప్పుతుంటే మీరు హ్యాక్సా బ్లేడుతో అంచు నట్టనడుమ చిన్న గీత పడేసి, ఆ గీతని గుండ్రటి ఆకురాయితో వెడల్పు చేసుకుంటూ పోవాలి. లోతు 5, 6 ఎంఎం దాకా. రబ్బరు వేడెక్కి జిగురుగా అయితే ఆపి చల్లారనివ్వండి. కళ్ళద్దాలు పెట్టుకోండి, ముక్కలు మొహం మీదకి ఎగురుతాయి. రెండు చక్రాల మీదా గాడి సరిగ్గా నడుమ పడాలి, ఒకటి పక్కకి పడితే ట్రాలీ పీతలా నడుస్తుంది.

రేకు 30 సెంటీమీటర్ల పొడవు, 12 వెడల్పు. పై అంచుకి దగ్గరగా రెండు చక్రాలు, వాటి మధ్య కనీసం 22 సెంటీమీటర్లు. దగ్గరగా పెడితే బండి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ఎంత దూరం పెడితే అంత నిలకడ. చక్రానికీ రేకుకీ మధ్య రెండు వాషర్లు, అవతల వైపు నైలాక్ నట్టు (లోపల ప్లాస్టిక్ రింగు ఉండేది), మామూలు నట్టు అదురుకి ఊడిపోతుంది. ఇక వైరు ఎక్కడ నడుస్తుందో ఆ గీతకి 5 ఎంఎం కింద, ప్రతి చక్రం పక్కనా ఒక చిన్న అడ్డ బోల్టు. ట్రాలీని వైరు మీద కూర్చోబెట్టాక ఈ బోల్టులు దూర్చి నట్టు వేస్తే ఇక అది తలకిందులైనా వైరు దాటి పోదు. ఇది వేయకుండా ఒక్క టెస్ట్ కూడా చేయకండి.

ఇక్కడో చిన్న మెలిక ఉంది, మొదటిసారి కట్టేవాళ్ళకి ఎవరూ చెప్పరు. చక్రాలు రేకుకి ఒక పక్కన ఉంటాయి కదా, అంటే వైరు రేకుకి ఓ రెండు సెంటీమీటర్లు పక్కగా నడుస్తుంది. కెమెరాని రేకుకి సూటిగా కింద బిగిస్తే బరువు వైరు కిందికి రావాలని ట్రాలీ మొత్తం పక్కకి ఒరుగుతుంది, వీడియోలో నేల వాలిపోతుంది. రేకు కింది అంచుకి ఎల్ పట్టీ వేసి, కెమెరా బోల్టు సరిగ్గా వైరు కింద పడేలా జరపండి. తూకం చూడ్డానికి ఒక దారానికి నట్టు కట్టి వైరు మీంచి వేలాడదీయండి, ఆ దారం కెమెరా మధ్యలోంచి పోవాలి. కెమెరాకి పట్టే బోల్టు పావించుది, ఇంచుకి 20 మరలు, మన హార్డ్‌వేర్ షాపుల్లో పావించు బోల్టు అంటే దాదాపు అదే ఇస్తారు, రెండు మూడు చుట్లు చేత్తోనే తిరగాలి, స్పానర్ పెట్టి తోయాల్సి వస్తే అది కాదు.

అదురు తగ్గించడానికి సీడీ డ్రైవ్ విప్పండి. లోపల లెన్స్ ఉన్న భాగాన్ని పట్టుకుని నాలుగు మెత్తటి రబ్బరు బుడిపెలు ఉంటాయి, డిస్క్ తిరిగే అదురు బాడీకి రాకుండా పెట్టినవే అవి. వాటిని ఎల్ పట్టీకీ కెమెరా ప్లేటుకీ మధ్య పెడితే చక్రాల చిన్న గరగర చాలావరకు అక్కడే ఆగిపోతుంది. పక్కలకి ఊగడం మాత్రం రబ్బరుతో పోదు. దానికి ట్రాలీ కింద అడ్డంగా ఒక మీటరు పొడవు సన్నటి అల్యూమినియం గొట్టం కట్టి రెండు కొసలకీ చెరో 100 గ్రాముల నట్లు బిగించండి, తాడు మీద నడిచేవాళ్ళు చేతిలో గెడ ఎందుకు పట్టుకుంటారో ఇదీ అందుకే, బరువు దూరంగా ఉంటే తొందరగా ఒరగదు. వైడ్ లెన్స్‌లో గొట్టం కొసలు కనపడుతున్నాయేమో చూసుకోండి.

లాగే సైకిలు

సైకిల్ని తలకిందులు చేసి సీటు, హ్యాండిల్ నేల మీద ఆనేలా పెట్టండి. వెనక టైరు, ట్యూబు తీసేయండి, మిగిలిన రిమ్ గాడే మన దారం చుట్టే గిలక. రిమ్ లోపల స్పోకుల తలలు ఉంటాయి, వాటి మీద పాత ట్యూబు పట్టీ కోసి సొల్యూషన్‌తో అతికించండి, దారం పట్టు దొరుకుతుంది, రాసుకుని తెగదు. ఇక అసలు సంగతి ఫ్రీవీల్. పెడల్ వెనక్కి తొక్కితే చక్రం తిరగదు కదా, మనకేమో రెండు వైపులా లాగాలి. వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళి ఫ్రీవీల్ లోపలి బయటి రింగుల మధ్య రెండు చుక్కలు పెట్టించండి, లాక్ అయిపోతుంది. హబ్ మీదుండే మర ఊడిపోకుండా అక్కడ కూడా ఒక చుక్క. ఇప్పుడు చేత్తో పెడల్ ముందుకి తిప్పితే ట్రాలీ ముందుకి, వెనక్కి తిప్పితే వెనక్కి, వెనక బ్రేకు నొక్కితే ఆగుతుంది. మోటారు లేదు, బ్యాటరీ లేదు, రిమోట్ లేదు.

స్పీడు ముందే అంచనా వేసుకోవచ్చు. రిమ్ గాడి చుట్టుకొలత దారంతో కొలవండి, 20 ఇంచుల సైకిల్‌కి దాదాపు 1.2 మీటర్లు వస్తుంది. ముందు పళ్ళచక్రం 36 పళ్ళు, వెనక 18 అయితే ఒక్క పెడల్ చుట్టుకి రిమ్ రెండు చుట్లు, అంటే ట్రాలీ 2.4 మీటర్లు. రెండు సెకన్లకి ఒక చుట్టు తిప్పితే మనిషి నడక వేగం. పెద్ద సైకిలు కాకుండా పిల్లల సైకిలు అన్నది ఇందుకే, చెయ్యి కాస్త అదిరినా ట్రాలీ మీటరు దూకుతుంది.

దారం అల్లిన నైలాన్ 2 ఎంఎం, మెలితిప్పిన రకం వద్దు, అది ట్రాలీని కూడా తిప్పుతుంది. ట్రాలీ ముందు కొక్కెం నుంచి దూరపు చివర గిలక దాకా, అక్కడ తిరిగి పైనుంచి వెనక్కి వచ్చి, మీ వైపు ఒక గిలక మీంచి కిందికి దిగి రిమ్ చుట్టూ ఒకటిన్నర చుట్టు, మళ్ళీ రెండో గిలక మీంచి పైకి వెళ్ళి ట్రాలీ వెనక కొక్కేనికి. తిరుగు దారం వైరుకి ఒక జానెడు పైన ఉండేలా గిలకలు కట్టండి, కింద ఉంటే కెమెరా ఎదుటే ఊగుతుంది. ట్రాలీ దగ్గర ఒక కొస ట్యూబు రబ్బరు ముక్కతో కట్టండి, అది దారాన్ని ఎప్పుడూ టైట్‌గా ఉంచుతుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు కుదుపు కూడా మింగేస్తుంది. సైకిల్ మీద రెండు ఇసుక మూటలు వేయండి, లేకపోతే అదే ట్రాలీ వైపు నడుచుకుంటూ పోతుంది.

మోటారు లేనిదే మనసొప్పదు అనేవాళ్ళకి: పాత కారు వైపర్ మోటారు, 12 వోల్టులు, నిమిషానికి 50 చుట్ల అటు ఇటుగా తిరుగుతుంది. దాని షాఫ్టుకి 18 పళ్ళ పాత ఫ్రీవీల్ వెల్డ్ చేయించి చైను దానికి తగిలిస్తే సెకనుకి ఒక మీటరు వస్తుంది. బండి బ్యాటరీ, ఫ్యూజు, ముందుకీ వెనక్కీ మార్చే స్విచ్చు, స్పీడు తగ్గించే చిన్న పీడబ్ల్యూఎం బోర్డు ఉండాలి. వైపర్ మోటారులో ఉండేది వర్మ్ గేరు, కరెంటు తీయగానే టక్కున ఆగిపోతుంది, ట్రాలీ ఎగిరిపడుతుంది, అందుకే స్విచ్చు ఆపేముందు నాబ్ తిప్పి మెల్లగా తగ్గించాలి. ఇంతా చేసి చేత్తో తిప్పినంత సాఫీగా రాదని నా అభిప్రాయం.

కట్టడం

వేపచెట్టు, చింతచెట్టు, ఆర్సీసీ పిల్లరు, వాటర్ ట్యాంకు కాళ్ళు, ఇవి పర్లేదు. పిట్టగోడ, షామియానా గొట్టం, రేకుల షెడ్డు పైపు వద్దు. కరెంటు స్తంభానికి కట్టడం, కరెంటు తీగల దగ్గరగా గానీ కిందగా గానీ స్టీలు వైరు లాగడం అసలు ఆలోచనలోకే రాకూడదు, బిగించేటప్పుడు వైరు జారి పైకి కొడితే చాలు. మబ్బు పట్టి ఉరుములు వినపడితే పని ఆపేయండి.

చెట్టుకి ముందు గోనెసంచి చుట్టి, దాని మీద లారీ లోడు బిగించే వెడల్పాటి బెల్టు వేయండి, వైరు నేరుగా చుడితే బెరడు కోసుకుపోతుంది. వైరు కొస ఒక థింబుల్ (వైరు నలగకుండా మెలికలో పెట్టే గాడి ఉన్న లోహపు ముక్క) చుట్టూ తిప్పి మూడు క్లాంపులు వేయాలి, ఒక్కోదాని మధ్య రెండు సెంటీమీటర్ల దూరం. క్లాంపులో యూ ఆకారంలో ఉండే ముక్క ఎప్పుడూ మిగిలిన చిన్న కొస వైపు, గాడి ఉన్న ముక్క లోడు పడే వైరు వైపు. తిరగేసి వేస్తే లోడున్న వైరునే యూ బోల్టు నలిపేస్తుంది. ఒక చివర టర్న్‌బకిల్, ఇంకో చివర రాచెట్ బెల్టు. బెల్టుతో ముప్పాతిక బిగించి, మిగతాది టర్న్‌బకిల్‌తో సరిచేసుకుంటూ నీళ్ళ సీసా లెక్క చూడండి. అరగంట ఆగి మళ్ళీ కొలవండి, బెల్టు కాస్త సర్దుకుని ఉంటుంది. రెండు చివర్లా విడిగా ఇంకో బెల్టు వదులుగా వేసి ఉంచండి, మొదటిది ఊడినా వైరు జనం మీదకి కొరడాలా రాకుండా. బిగించేటప్పుడు ఎవరూ వైరుకి సూటిగా నిలబడొద్దు, పక్కన ఉండండి.

చివర్లకి ఒకటిన్నర మీటర్ల ముందు వైరు మీద ఒక క్లాంపు, దాని ముందు కోసిన టెన్నిస్ బంతి, ఇది స్టాపరు. దానికి మూడు మీటర్ల ముందు ఎర్ర టేపు, అక్కడికి రాగానే బ్రేకు మొదలు. కెమెరాకి విడిగా ఒక సన్నటి గట్టి తాడు కట్టి చిన్న క్యారాబినర్‌తో (మూత ఉన్న కొక్కెం) నేరుగా వైరుకే తగిలించండి, ట్రాలీ మొత్తం ఊడినా కెమెరా వేలాడుతుంది.

వైరు కింద జనాన్ని ఉంచొద్దు. కోట్ల ఖరీదు చేసే సెటప్‌లు కూడా మనుషుల్ని తగులుతాయి, 2022 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో దక్షిణాఫ్రికా బౌలర్ నోర్కియాకి గ్రౌండ్ పైన తాళ్ళ మీద తిరిగే కెమెరా వెనకనుంచి వచ్చి భుజానికి తగిలి బోర్లా పడ్డాడు, పెద్ద దెబ్బ తగల్లేదు కాబట్టి సరిపోయింది. బండలాగుడు అయితే వైరు ట్రాక్ మీదుగా కాదు, ట్రాక్ పక్కన బ్యారికేడ్ లోపల ఖాళీ జాగాలో కట్టండి. వైరుకి ప్రతి ఐదు మీటర్లకీ రంగు గుడ్డ పీలికలు కట్టి ఉంచి షూట్ అప్పుడు తీసేయండి, సన్నటి వైరు ఎండలో కనపడదు, ఎవరైనా బైక్ మీద వస్తే మెడకి తగులుతుంది.

తిప్పడం, తీయడం

మొదటి రౌండ్లు కెమెరా బదులు అంతే బరువున్న ఇసుక సంచితో తిప్పండి. చివర్లకి వెళ్ళేకొద్దీ పెడల్ బరువెక్కుతుంది, ఎందుకంటే వంపు వల్ల అక్కడ ట్రాలీ ఎక్కుడు ఎక్కుతోంది, నడుమకొచ్చేటప్పుడు దానంతటదే జారుతుంది, అక్కడ బ్రేకు మీద వేలుండాలి. చెయ్యికి ఇది అలవాటయ్యేదాకా కెమెరా ఎక్కించకండి. ఒకరు తిప్పాలి, ఇంకొకరు ట్రాలీనే చూస్తూ అరవాలి, తిప్పేవాడు స్క్రీన్ చూడకూడదు.

ఫోన్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50, ట్యూబ్‌లైట్ల కింద కూడా మన 50 హెర్ట్జ్ కరెంటుకి ఇదే సరిపోతుంది, మినుకు రాదు. ఎండలో షట్టర్ 1/1000కి పోతే ప్రతి చిన్న అదురూ బొమ్మని జెల్లీలా వణికిస్తుంది, వెలుతురు తగ్గించే నల్లటి ఎన్‌డీ ఫిల్టర్ లెన్సుకి పెడితే సగం గోల తగ్గుతుంది. స్పీడు ఫీల్ రావాలంటే ట్రాలీని వేగంగా తిప్పక్కర్లేదు, లెన్సుకి దగ్గరగా ఏదో ఒకటి దాటిపోవాలి, చెట్టు మానులు, స్తంభాలు, తోరణాలు. ఖాళీ మైదానం మీద పది మీటర్ల ఎత్తులో ఎంత ఉరికించినా నిలబడ్డట్టే ఉంటుంది, అదే రెండు మీటర్ల ఎత్తులో కొబ్బరి మానుల పక్కనుంచి నడక వేగంతో పోతే గుండె జారుతుంది.

పని అయ్యాక ముందు ట్రాలీ దించి, తర్వాత టర్న్‌బకిల్ వదులు చేసి, చివర్న రాచెట్ విప్పండి, బిగించి ఉన్న రాచెట్‌ని ఒక్కసారిగా వదిలితే వేళ్ళు పోతాయి. రాత్రికి వైరు అలాగే వదిలేసి ఇంటికి పోవద్దు, ఎంత అలసిపోయినా సరే. చుట్టేటప్పుడు నూలుగుడ్డ వైరు మీద పట్టుకుని మొత్తం పొడవునా లాగండి, గుడ్డ ఎక్కడైనా చిక్కుకుందంటే అక్కడ ఒక పోగు తెగిందని అర్థం, ఇక ఆ వైరు బట్టలు ఆరేసుకోడానికే.